ఆరు కుందేళ్ల వాంగ్మూలం

సోమవారం మధ్యాహ్నం రెండూ పదికి శ్యాంప్రసాద్ నా ముందు ఒక ఫైలు పెట్టి, "ఖలాస్ మేడం, సీదా కేసు. సంతకం పెట్టి చాయ్ తాగి పోండి," అన్నాడు.

ఫైలు పల్చగా ఉంది. పల్చటి ఫైలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రాణాలు పోయిన చోట నాలుగు కాగితాలకు మించి రాయడానికి ఏమీ లేదన్నారంటే, వాళ్లు సరిగ్గా చూడలేదన్నమాట, లేదా చూసింది రాయలేదన్నమాట.

శ్యాంప్రసాద్ ఆ ల్యాబ్‌కు సెక్యూరిటీ అధికారి. హైదరాబాదులో ఇన్‌స్పెక్టరుగా చేసి వచ్చాడు. నడక ఇంకా పోలీస్ స్టేషన్ నడకే. నేను బాపట్ల వైపు పదకొండేళ్లు పశువుల డాక్టరుగా చేసి దుబాయ్ చేరినదాన్ని. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఉన్న ఆ ల్యాబ్ కొత్త మందులను జంతువుల మీద పరీక్షిస్తుంది. పేరు రాయను, కేసు ఇంకా కోర్టులో ఉంది. అక్కడ ఏ జంతువైనా చావకూడని తీరులో చస్తే జంతు సంక్షేమ కమిటీ నన్ను పంపుతుంది. ఈ ఉమామహేశ్వరి సంతకం పెట్టందే పరీక్ష ముందుకు కదలదు. అందుకే పనివాళ్లు నన్ను డిటెక్టివ్ డాక్టరమ్మ అంటారు. ముదీర్లు, అంటే మేనేజర్లు, ఏమంటారో ఇక్కడ రాయడం బాగుండదు.

ఫైలులో ఉన్న కథ ఇది. మోకాళ్ల నొప్పులకు ఒక కొత్త మందు. పద్దెనిమిది తెల్ల కుందేళ్ల మీద పరీక్ష. ఆరింటికి పెద్ద మోతాదు, ఆరింటికి చిన్న మోతాదు, ఆరింటికి మందు లేని ఉత్త నీళ్లు. ఇనుప స్టాండులో మూడు వరసలు, వరసకు ఆరు బోనులు. మొన్న శుక్రవారం జనమంతా నమాజుకో భోజనానికో పోయిన వేళ, సరిగ్గా పన్నెండున్నరకు ఆ గది ఏసీని ఎవరో స్విచ్చి దగ్గర కట్టేశారు. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ. రెండూ పదికి శ్యాంప్రసాద్ తలుపు తీసేసరికి గదిలో ముప్పై తొమ్మిది. పై వరస కుందేళ్లు ఆరూ చచ్చి ఉన్నాయి, మిగతా పన్నెండూ రొప్పుతున్నాయి. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి పై వరస పోయిందని రిపోర్టు తేల్చింది. ఆ వేళ డ్యూటీలో ఉన్నది మేత వేసే ఆశన్న ఒక్కడే. చలి పెడుతుంటే ఏసీ కట్టేసి మరిచిపోయానని అతను ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టాడు.

చచ్చిన ఆరూ ఏ మోతాదువని అడిగాను. పెద్ద మోతాదువని చెప్పాడు శ్యాంప్రసాద్. తలుపు మీద అంటించిన పటం ప్రకారం పై వరస వాటిదేనట.

"భలే కుదిరింది," అన్నాను.

"ఇత్తెఫాక్ మేడం, అట్ల కలిసొచ్చింది. ఇత్తెఫాక్‌ను అరెస్టు చెయ్యలేం కదా."

కాబట్టి ఆశన్నను అరెస్టు చేయిస్తాడు. సాయంత్రం ఐదింటికి పోలీసులు వస్తారు. జంతువులను నిర్లక్ష్యంగా చంపిన కేసు, జైలు, ఆ తర్వాత ఈ దేశంలో మళ్లీ అడుగు పెట్టకుండా బ్యాన్. ఇంకొకటి ఉంది. అదే రోజు సాయంత్రం ఆరింటికి ఒక ఆసుపత్రిలో పన్నెండుమంది వాలంటీర్లకు ఈ మందు మొదటి గోలీ ఇవ్వబోతున్నారు. ఆ ఆరూ ఎండకు చచ్చాయని నేను ఒప్పుకుంటే మందు మీద మచ్చ ఉండదు.

శవాలను చూపించమన్నాను. శనివారం పొద్దున్నే కాల్చేశారట. రోగాలు అంటుకోకుండా డైరెక్టరు మల్లికార్జునరావు ఇచ్చిన ఆర్డరు.

పరీక్షలే వద్దని అడ్డం పడే మనిషిని కాను నేను. మా అమ్మ ఇరవై ఏళ్లు షుగరు సూదులు వేసుకుంది, ఆ మందు మొదట ఏ జంతువుల ప్రాణం తీసి మనదాకా వచ్చిందో నాకు తెలుసు. కానీ దాని ప్రాణం మనం తీసుకుంటున్నప్పుడు, నొప్పి లేకుండా చూడాలి, ఎందుకు చచ్చిందో నిజం రాయాలి. ఆ రెండూ చేయని వాళ్లకు కుందేలును ముట్టుకునే హక్కు లేదు. ఈ మాట కమిటీలో చెప్పి చెప్పి నాకు నోటిదురుసు అని పేరొచ్చింది.

ఫైలులో ఒకే ఒక్క ఫోటో నా కంట పడింది. శుక్రవారం రెండూ పదిహేనుకు తీసింది. శ్యాంప్రసాద్ ఒక కుందేలును వెనక కాళ్లు పట్టుకుని అడ్డంగా ఎత్తి చూపిస్తున్నాడు. తల వేలాడడం లేదు. చెక్కలా తిన్నగా నిలబడి ఉంది.

"ఇది చచ్చి గంట కూడా కాలేదంటారు. అప్పుడే ఇంత బిగుసుకుందా?"

"ఎండల చచ్చింది జల్ది బిగుసుకుంటది మేడం. ఇరవై ఏండ్లు శవాలు చూసిన."

మాట నిజమే. వేడి శవాన్ని తొందరగా బిగిస్తుంది, కోర్టులో ఈ ఫోటో నిలబడదు. మనిషికి పొగరుంది గాని పని తెలుసు. అదే నాకు నచ్చలేదు, అదే నాకు ఆ సాయంత్రం పనికొచ్చింది.

ఆశన్నను మేత గదిలో కూర్చోబెట్టారు. నలభై ఆరేళ్ల మనిషి, మెట్‌పల్లి దగ్గరి పల్లె. దుబాయ్ వచ్చి పదహారేళ్లు. పదేళ్లు అల్ ఖూజ్‌లో సిమెంటు పని, ఆరేళ్లుగా ఇక్కడ. ఊళ్లో ఉన్నప్పుడు గొర్లు కాశాడు. నేను వెళ్లేసరికి, తాళం వేసిన గదిలో కూర్చుని కూడా, చిరిగిన మేత సంచి మూతి కుడుతున్నాడు.

ఎందుకు సంతకం పెట్టావని అడిగాను. పెడితే కేసు లేకుండా ఇంటికి పంపిస్తామన్నారట. కాగితంలో ఏముందో చదివి చెప్పినవాళ్లు లేరు.

"జైలు అంటె భయం లేదమ్మా," అన్నాడు ఆశన్న. "మా తాతనాటి నుంచి గొర్లు కాసినోళ్లం. ఈని చేతిల జీవాలు ఎండకు సచ్చినయంటె ఊర్ల మొకం ఎట్ల చూపియ్యాలె? గౌరవ్వకు ఏమని చెప్పాలె?"

గౌరవ్వ అతని భార్య. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు. సూది మాత్రం ఆగింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, గురువారం సాయంత్రం డ్యూటీ నుంచి ఒక్కొక్క నిమిషం చెప్పమన్నాను. ఏదీ వదలొద్దన్నాను.

గురువారం పొద్దుగూకే వేళకు పెద్ద మోతాదు కుందేళ్లు ఆరూ వీపులు వంచి ముడుచుకుని కూర్చున్నాయట. జత్ అనే ఇక్కడి పచ్చగడ్డి వేస్తే వాసన కూడా చూడలేదట.

"పండ్లు కొరుకుతున్నయ్ అమ్మా. కుందేలు అట్ల పండ్లు కొరికిందంటె లోపట నొప్పి తట్టుకుంటలేదన్నట్టు. సారుకు వోయి చెప్పిన. సూది ఇచ్చి పండవెట్టుండ్రి, గోస వడుతున్నయ్ అన్న. పొద్దుగాల చూద్దాం తియ్ అన్నడు."

జంతువు బాధ ఆ స్థాయికి చేరితే ఆ క్షణమే నొప్పి తెలియకుండా దాన్ని నిద్రపుచ్చాలని రూలు. అనుమతి పత్రంలో మొదటి పేజీలోనే ఉంటుంది, మల్లికార్జునరావు దాని కింద సంతకం పెట్టాడు. అలా నిద్రపుచ్చితే మందు విషమని రిజిస్టరులోకి ఎక్కుతుంది. అందుకని రాత్రంతా వాటిని అలాగే వదిలేశాడు. చదువుకుని, రూలు తెలిసిన డైరెక్టరు చేసిన పని ఇది. రూలు చదవలేని మనిషి సరిగ్గా ఆ రూలు చెప్పినట్టే చేయమని అడిగాడు.

ఆ తర్వాత ఏం చేశావన్నాను. ట్రేలలో కొత్త కాగితాలు పరిచానన్నాడు. బోను అడుగున మలమూత్రాలు పడే ట్రే ఉంటుంది, అందులో పీల్చుకునే కాగితం వేస్తారు. ఆరున్నరకు పద్దెనిమిది ట్రేలకూ వేసి, ఏడింటి కంపెనీ బస్సెక్కాడు. చెప్తూ చెప్తూ, "వరసలు దించినంక కాయితాలు ఏసిన," అన్నాడు.

వరసలు దించడమేమిటన్నాను.

"గురువారం గురువారం ఒక్కో వరస కిందికి దించుత. అడుగుది మీదికి ఎక్కిస్త. మీద లైటు కండ్లల్ల కొడ్తది, ఎర్ర కండ్ల జీవాలాయె. ఎప్పుడూ వాటినే మీద ఉంచుడు తప్పు గదా. మా దొడ్డిల గూడ అంచుకు పండిన గొర్రెను తెల్లారి నడుమకు తోలుతం."

పాత డాక్టరు ఉన్నప్పుడు అడిగితే మంచిదే చెయ్యమన్నాడట. ఆయన వెళ్లిపోయాక వచ్చినవాళ్లు అడగలేదు, ఇతను చెప్పలేదు. ఇంగ్లీషు రిజిస్టరులో ఏం రాయాలో అతనికి తెలియదు. తలుపు మీది పటం మాత్రం మొదటి రోజు అంటించినదే.

"ఈ పరీక్ష మొదలై ఎన్ని గురువారాలు పోయాయి ఆశన్నా?"

"రెండు."

"అయితే శుక్రవారం నాటికి పెద్ద మోతాదు కుందేళ్లు ఎక్కడున్నాయి?"

"అడుగు వరసల. ఏసీ గాలి అండ్లకే ఎక్కువ వస్తది," అని, నా ముఖం చూసి ఆగాడు. శ్యాంప్రసాద్ ఫోటోలు అతను చూడలేదు. చచ్చినవి పై వరసలో దొరికాయని అతనికి ఎవరూ చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. శుక్రవారం సంగతి అడిగాను. పన్నెండుంబావుకు బస్సు దిగాడు. దిగుతుండగానే మల్లికార్జునరావు ఫోన్ చేసి, అల్ ఐన్ నుంచి జత్ గడ్డి బండి వస్తోంది, గదిలోకి తర్వాత పోవచ్చు, ముందు వెనక గేటు దగ్గర నిలబడమన్నాడు. రెండింటిదాకా నిలబడ్డాడు. బండి రాలేదు. గేటు వాచ్‌మన్ నమాజుకు పోయాడు కాబట్టి అతన్ని అక్కడ చూసినవాళ్లు లేరు. తిరిగి వచ్చేసరికి శ్యాంప్రసాద్ అతన్ని గదిలోకి పోనివ్వలేదు.

అల్ ఐన్ తోటలో గడ్డి పంపే దయాకర్ నంబరు ఆశన్న దగ్గరే ఉంది. నేనే ఫోన్ చేశాను. శుక్రవారం తమ బండి ఎప్పుడూ బయటికి రాదని, ఆ వారం ఆర్డరే లేదని దయాకర్ చెప్పాడు. చెప్పి, ఆశన్న ఎట్ల ఉన్నాడని అడిగాడు. సాయంత్రానికి బాగుంటాడన్నాను. అంత ధైర్యంగా ఎందుకన్నానో నాకే తెలియదు.

మూడూ పదికి మల్లికార్జునరావు గదిలో కూర్చున్నాను. రాజమండ్రి మనిషి, మర్యాద ఎక్కువ. ఫుల్ చేతుల చొక్కా బొత్తాలు మణికట్టు దాకా పెట్టుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ కఫ్ పైనుంచే ఎడమ మణికట్టు గోక్కుంటున్నాడు.

"దోమలండీ ఉమామహేశ్వరి గారూ," అన్నాడు నేను చూడటం చూసి.

ఆగస్టు ఎండలో దోమకు కూడా బయట తిరిగే ఓపిక ఉండదు. ఆ మాట పైకి అనలేదు. కుందేళ్ల గదిలోకి ఎప్పుడు వెళ్లారని అడిగాను. తనకు కుందేలు వెంట్రుకలు పడవని, రెండేళ్లుగా ఆ గదిలో అడుగు పెట్టలేదని, అది ల్యాబ్‌లో అందరికీ తెలుసని అన్నాడు. శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి తలుపు అద్దంలోంచి చూసి, అన్నీ బాగున్నాయని రిజిస్టరులో రాసి, షార్జాలో ఇంటికి వెళ్లిపోయాడట. గడ్డి బండి వస్తుందని ఎవరో అంటే ఆశన్నకు ఫోన్ చేశాడట. ఎవరన్నారో గుర్తు లేదు. గురువారం ఆశన్న తనకేమీ చెప్పలేదు. ఇవన్నీ ఆయన తడుముకోకుండా చెప్పాడు.

"పాపం, అమాయకుడండీ. నాకూ బాధగానే ఉంది. కానీ రూల్స్ ఆర్ రూల్స్. మీ సంతకం ఐదులోపు వస్తే ఆసుపత్రికి మెయిల్ పెట్టేస్తాను."

మీ సమక్షంలోనే గది చూసి పెడతానన్నాను.

గది తలుపుకు ఎర్ర సీలు టేపు అంటించి ఉంది. మీద శ్యాంప్రసాద్ సంతకం, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు. బతికిన పన్నెండింటినీ మూడింటిలోపే కొత్త బోనుల్లో పక్క గదిలోకి మార్చారు. చచ్చినవాటిని సంచుల్లో తీసుకుపోయారు. స్టాండు, పాత బోనులు, ట్రేలు ఎక్కడివక్కడే వదిలి శ్యాంప్రసాద్ సీలు వేశాడు. ఆ తర్వాత ఎవరూ తెరవలేదని అతను ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఆ మాట ఇంకోసారి చెప్పించి, మల్లికార్జునరావు వినేలా నా ఫోనులో రికార్డు చేశాను.

టేపు కోసేసరికి నాలుగయింది. మల్లికార్జునరావు ముక్కుకు మాస్కు పెట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. గదిలో కుందేళ్ల మూత్రం వాసన మూడు రోజులది, ఘాటుగా ఉంది. బోనులకు కట్టిన అట్టలు చూశాను. పై వరసలో పెద్ద మోతాదు, మధ్యలో ఉత్త నీళ్లు, అడుగున చిన్న మోతాదు. తలుపు మీది పటంలో పైన పెద్దది, మధ్యలో చిన్నది, అడుగున నీళ్లు. పై వరస ఒక్కటే పటంతో కలిసింది. ఎవరికో పై వరస మీద ఉన్న శ్రద్ధ మిగతా వాటి మీద లేదు.

"ఇక్కడ ఏమున్నది మేడం చూడనీకి? ఖాళీ బోనులు," అన్నాడు శ్యాంప్రసాద్.

"బోనులు ఎత్తినవాళ్లున్నారు. ట్రేలు ఎత్తినవాళ్లు లేరు," అన్నాను.

ఈ మందు ముదురు నారింజ రంగుది. తిన్న కుందేలు మూత్రంలోకి ఆ రంగు దిగుతుందని పరీక్ష పత్రంలోనే రాసుంది. పెద్ద మోతాదుకు నారింజ, చిన్న మోతాదుకు లేత పసుపు, మందు లేనిదానికి మామూలుగా సున్నం నీళ్ల తెలుపు. ట్రేలు బోనుకు అంటుకుని ఉండవు. స్టాండుకున్న గాడిలో విడిగా దూరతాయి. బోను ఎత్తుకుపోతే ట్రే అక్కడే ఉండిపోతుంది. రోజూ కడిగేవాడికి తప్ప ఆ సంగతి ఎవరికీ పట్టదు.

పెద్ద మోతాదు బోను కింది ట్రే, అంటే పై వరస మొదటి ట్రే లాగాను. కాగితం నిండా లేత పసుపు మరకలు, గుప్పెడు పెంటికలు. రెండోదీ అంతే, ఆరూ అంతే. మధ్య వరస ఆరూ తెలుపు. మోకాళ్ల మీద కూర్చుని అడుగు వరస మొదటి ట్రే లాగాను. నారింజ. ఒకే ఒక్క మరక, అరచేయంత. పెంటికలు లేవు. ఆరు ట్రేలూ వరసగా నేల మీద పరిచాను. ఆరింటిలోనూ ఒక్కొక్క మరకే.

శ్యాంప్రసాద్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కుందేలు మూత్రం మామూలుగానే రంగు మారుతుందండీ," అన్నాడు మల్లికార్జునరావు గుమ్మంలోంచి. "ఆకు తిన్నా ఎర్రగా వస్తుంది. వెటర్నరీ డాక్టరు, మీకు నేను చెప్పాలా?"

"వస్తుంది. ఒకదానికి వస్తుంది, రెండింటికి వస్తుంది. మూడు వరసలూ మూడు రంగుల్లో, వరసకు ఆరుకు ఆరూ రాదు."

అప్పుడు ఆశన్నను పిలిపించి వరసలు దించే పని అందరి ముందూ చెప్పించాను. అతను ట్రేలు చూపిస్తూ, ఏ వరస ఏ వారం ఎక్కడుందో తడబడకుండా చెప్పాడు. ట్రేలు చెప్పిందీ అతను చెప్పిందీ ఒకటే. పెద్ద మోతాదు కుందేళ్లు శుక్రవారం అడుగు వరసలో ఉన్నాయి. గదిలో అన్నింటికన్నా చల్లటి చోటు అది. పై వరసలో వేడికి మగ్గిన చిన్న మోతాదువి ఆరూ బతికాయి. కాబట్టి ఆ ఆరూ వేడికి చావలేదు. కాగితాలు గురువారం ఆరున్నరకు పరిచినవి. పై వరస కుందేళ్లు శుక్రవారం మధ్యాహ్నం దాకా బతికి కాగితం నింపాయి. అడుగువి ఒక్కసారి మూత్రం పోసి ఆగిపోయాయి. అంటే అవి తెల్లవారకముందే పోయాయి. ఏసీ ఆగింది పన్నెండున్నరకు.

"చచ్చినవాటిని చంపడానికి ఎవరో ఏసీ కట్టేశారు శ్యాంప్రసాద్ గారూ. పటంలో ఉన్నట్టు కనిపించాలని ఆరు బోనులు అడుగు నుంచి పైకి, ఆరు పైనుంచి అడుగుకు మార్చారు. మీరు ఆ పటం చూసి ఫోటో తీశారు."

"ఈడే మార్చి ఉండొచ్చు గదా, భయానికి," అన్నాడు శ్యాంప్రసాద్. అతని గొంతులో జోరు తగ్గింది.

"ఇతనికి పటంతో పనేముంది? ఇతను మార్చుంటే ట్రేలు కూడా మార్చేవాడు. ఆరేళ్లుగా కడుగుతున్న మనిషి."

నేను గుమ్మం వైపు తిరిగి, చొక్కా చేతులు ఒకసారి మడవమని మల్లికార్జునరావును అడిగాను. ఆయన నవ్వబోయాడు. అలా అడిగే అధికారం నాకు లేదన్నాడు. నిజమే, లేదు. కానీ శ్యాంప్రసాద్ మెల్లగా లేచి నిలబడ్డాడు.

"సార్, శుక్రవారం రెండున్నరకు మీకు ఫోన్ చేసిన. పది నిమిషాలల్ల వచ్చిన్రు. షార్జా నుంచి పది నిమిషాలల్ల ఎట్ల వచ్చిన్రని నేను అడగలే. కండ్లు వాచి ఉన్నయి. దుమ్ము పడ్డదన్నరు. నాలుగింటికి క్లినిక్‌కు నేనే తోల్కపోయిన. ఏదో పడకపోతే ఇచ్చే సూది ఇచ్చిన్రు. ఆ రోజు మీరు గదిలకు రాలే, కారిడార్‌ల నిలబడ్డరు, ఇప్పటి లెక్కనే." కొంచెం ఆగి, "చేతులు మడవండి సార్," అన్నాడు.

మల్లికార్జునరావు మడవలేదు. మడవాల్సిన అవసరం కూడా లేకపోయింది. చేతులు వెనక్కి దాచుకోవడంలో కఫ్ పైకి జరిగి, బోను కడ్డీలకు గీరుకున్న చారలు, వాటి చుట్టూ ఎర్రటి దద్దులు బయటపడ్డాయి. పన్నెండు బోనులు ఎత్తి దించిన చేతులవి.

ఆయన గోడకు ఆనుకుని, కంపెనీ ఒత్తిడి మీకు తెలియదన్నాడు. ఎనిమిదింటికి అద్దంలోంచి చూసేసరికే అన్నీ పోయాయని, రెండేళ్ల పని మట్టిగొట్టుకుపోతుందని భయపడ్డానని చెప్పాడు. ఆ మాటలన్నీ శ్యాంప్రసాద్ రాసుకున్నాడు. నాకు జాలి కలగలేదు. రాత్రంతా పళ్లు కొరుక్కుంటూ చచ్చిన వాటి భయం ఆయన రిజిస్టరులో రాయలేదు.

అయిదింటికి పోలీసులు వచ్చారు. శ్యాంప్రసాద్ వాళ్లతో అరబ్బీలో మాట్లాడి మల్లికార్జునరావును అప్పగించాడు. తర్వాత ఆశన్న సంతకం పెట్టిన కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద అడ్డంగా 'ఇది చెల్లదు, నేను చదివి వినిపించకుండా పెట్టించాను' అని ఇంగ్లీషులో రాసి, కింద తన పేరు రాశాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇట్లాంటి కాగితం రాయలేదని నాతో అన్నాడు. రాయాల్సినవి చాలానే ఉండుంటాయని నేనన్నాను. ఒప్పుకున్నాడు. ఆ క్షణంలో అతను నాకు మొదటిసారి నచ్చాడు.

నేను పరీక్ష ఆపేస్తున్నట్టు ఆర్డరు రాస్తుంటే ఆశన్న చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఏం కావాలన్నాను. బతికినవాటిని ఒకసారి చూసి పోతానన్నాడు. మూడు రోజులుగా వాటిని చూడలేదు.

పక్క గదిలో వాటికి మేత వేస్తున్నది అబ్దుల్ రహీం. అన్నీ బాగానే తింటున్నాయన్నాడు. ఉత్త నీళ్ల కుందేళ్లు నిజంగానే గడ్డి నములుతున్నాయి. చిన్న మోతాదువి ఉన్న వైపు ఆశన్న ఒక్కొక్క బోను దగ్గరా వంగి, చెవి పెట్టి, ఆరోదాని దగ్గర అలాగే ఉండిపోయాడు.

"అమ్మా, ఇట్ల రాండ్రి," అన్నాడు. "ఇవి గూడ పండ్లు కొరుకుతున్నయ్. గడ్డి కిందికి నూకి తిన్నట్టు చేస్తున్నయ్, తింటలేవు."

నేను కుందేలును తీసి పొట్ట తడిమాను. ఉబ్బి, గట్టిగా ఉంది. రెండోదీ అంతే. మూడోదాని చిగుళ్లు పచ్చబడ్డాయి. కాలేయం పోతోంది. పెద్ద మోతాదు రెండు వారాల్లో చేసిన పనిని చిన్న మోతాదు ఇంకాస్త నిదానంగా చేస్తోంది. ఫైలు తెరిచి చివరి పేజీ చూశాను. ఆసుపత్రిలో వాలంటీర్లకు ఇవ్వబోయే గోలీ, బరువు లెక్కన, సరిగ్గా ఈ చిన్న మోతాదు.

గడియారం అయిదూ నలభై అయిదు. మెయిల్ పెట్టి కూర్చునే టైము కాదు.

ఆసుపత్రిలో ఆ పరీక్ష చూస్తున్నది డాక్టర్ కుసుమకుమారి. శ్యాంప్రసాద్ నాలుగు నంబర్లు కొట్టి ఆమెను పట్టాడు. నేను సంగతి చెప్పాను. సంతకం అయిపోయిందని మల్లికార్జునరావు మధ్యాహ్నమే మెయిల్ పెట్టాడని, మా ఆర్డరు కాగితం మీద రాకుండా తాను ఆపలేనని, వాలంటీర్లు అప్పుడే మంచాల మీద కూర్చున్నారని, గోలీలు పంచుతున్నారని ఆమె అంది. ల్యాబ్ రిపోర్టులో చిన్న మోతాదువి ఆరోగ్యంగా ఉన్నాయనే రాసుందని, ఇప్పుడు బాగాలేవని చూసిందెవరని అడిగింది. ఆమెను తప్పు పట్టను. నేనైనా అదే అడిగేదాన్ని.

"రోజూ మేత వేసే మనిషి. ఆయన్నే అడగండి," అని ఫోను ఆశన్నకు ఇచ్చాను.

ఆశన్న ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె ఏమేం అడిగిందో నాకు వినపడలేదు. ఇతను చెప్పింది విన్నాను. గురువారం పెద్ద మోతాదువి ఎట్లా కూర్చున్నాయో, ఇవి ఇప్పుడు ఎట్లా కూర్చున్నాయో, ఏ చెవి చల్లబడిందో, ఏది ఎన్ని పోచలు కొరికిందో చెప్పాడు. చివరికి, "మేడం, నేను సదువుకోలే. గని మొన్న గిట్లనే చెప్పిన, ఎవ్వలు ఇనలే. తెల్లారెవరకు ఆరూ పోయినయ్. మీరన్న ఇనుండ్రి," అన్నాడు.

ఆశన్న ఫోనును స్పీకరు మీద పెట్టాడు. ఎవరినో కేక వేయడం, చెప్పుల చప్పుడు, ఒక ట్రాలీ దడదడ వినిపించాయి. శ్యాంప్రసాద్ గడియారం చూసుకుంటూ గోడ పక్కన నిలబడ్డాడు. ఆరు కావడానికి రెండు నిమిషాలుంది. ఆరు దాటి ఒక నిమిషమైంది.

"పన్నెండు గోలీలూ వెనక్కి తీసుకున్నాను," అంది కుసుమకుమారి, రొప్పుతూ. "పన్నెండూ నా అరచేతిలో ఉన్నాయి. ఒకరు నోటిదాకా తీసుకెళ్లారు. మింగలేదు. ఎవరూ మింగలేదు."

శ్యాంప్రసాద్ గోడ మీద పిడికిలితో ఒక్కటి గుద్ది, నవ్వాడు. నాకు కళ్లు మసకబారాయి, దాచుకోలేదు. ఆశన్న ఫోను నా చేతిలో పెట్టి, అప్పటికే ఆరో బోను తలుపు తీసి ఆ కుందేలును ఛాతీకి ఆనించుకున్నాడు.

"నొప్పి సూది తెండ్రి అమ్మా," అన్నాడు. "నేను పట్టుకుంట."